అమెరికాలో నల్లజాతి మగ టీచర్లను ప్రిన్సిపాళ్లుగా తయారుచేయడానికి విడిగా మెంటరింగ్ ఎందుకు?

ప్రిన్సిపల్ పోస్టుకు కావలసిన అనుభవమూ, దారి చూపే సీనియర్లూ వాళ్లకు దొరకడం తక్కువ కాబట్టి. ప్రభుత్వ స్కూళ్ల టీచర్లలో నల్లజాతి మగవాళ్లు 2 శాతం లోపే. ఆ కొద్దిమందికీ తరచూ అల్లరి పిల్లల్ని అదుపు చేసే పనే అంటగడతారు. బడ్జెట్, సిలబస్, తోటి టీచర్ల క్లాసుల పరిశీలన లాంటివి, అంటే ప్రిన్సిపల్ అసలు పనులు, వేరేవాళ్లకు వెళ్తాయి. పైగా జాతివారీ బడులు చెల్లవన్న 1954 తీర్పు తర్వాత దక్షిణాదిలో స్కూళ్లను కలిపినప్పుడు వేలమంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్ల ఉద్యోగాలు పోయాయి.

ఉదాహరణకు, సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో 2000లో మొదలైన ‘కాల్ మీ మిస్టర్’ అనే కార్యక్రమం, టీచర్ కోర్సు దశలోనే ఫీజు సాయం, మెంటరింగ్ ఇస్తుంది.

చాలామంది ఈ విడి మెంటరింగ్‌ను కోటా అనుకుంటారు. కాదు, ప్రిన్సిపల్ లైసెన్సు, ఇంటర్వ్యూ అందరిలాగే వీళ్లకూ తప్పవు.