అద్భుతం దేనికి గుర్తు?

ప్రశ్న: యేసు చేసిన అద్భుతాలు ఆయన శక్తిని చాటడానికేనా? అలాగైతే, విశ్వాసంతో అడిగిన వారందరికీ అవి ఎందుకు జరగవు?

జవాబు: యోహాను సువార్త ఈ కార్యాలను ‘సూచక క్రియలు’ అంటుంది, గ్రీకు మూలంలోని ‘సెమెయోన్’ అనే మాటకు గుర్తు, ఆనవాలు అని అర్థం. గుర్తు తనను కాక వేరొకదాన్ని చూపుతుంది. అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదు వేలమంది పురుషులున్న సమూహం తృప్తిగా తిన్న మరునాడు జనం వెతుక్కుంటూ వస్తే, మీరు సూచనను చూసినందుకు కాక కడుపు నిండినందుకే వచ్చారని యేసు మందలించి, జీవాహారం తానేనని బోధించడం (6వ అధ్యాయం) ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. పరీక్షించడానికి ఆకాశం నుండి సూచన అడిగిన పరిసయ్యులకు (యూదుల్లో ఒక మతవర్గం వారికి) ఆయన దాన్ని చూపనేలేదు. చనిపోయిన లాజరును యేసు తిరిగి లేపాక కూడా, అనేకులు నమ్మినప్పటికీ, మతపెద్దలు యేసును చంపాలనే ఆలోచించారు. అంటే అద్భుతం విశ్వాసాన్ని బలవంతంగా పుట్టించదు.

ఇక రెండో ప్రశ్న. జరగకపోవడాన్ని అవిశ్వాసానికి రుజువుగా చూపడం, నా దృష్టిలో, రోగిపై మరో భారం మోపడమే. తన శరీరంలోని ముల్లు (తనను వేధించిన ఒక బాధ) తొలగించమని తొలి క్రైస్తవ బోధకుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబే ఆయనకు దొరికింది.