కొత్త కారు ఇంజిన్‌ని మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎట్టా తోలాలి?

అడిగింది ఇదీ: నెల్లూరులో కొత్త పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. షోరూంలో "వెయ్యి దాకా అరవై దాటొద్దు" అన్నారు. ఇంట్లోవాళ్లేమో ఈ వారమే తిరుమల పోదామంటున్నారు. పోవచ్చా?

పోవచ్చు. ఆ "అరవై దాటొద్దు" అన్న మాటే అసలు గొడవ. ఇంజిన్‌కి స్పీడోమీటర్ ముల్లుతో పనిలేదు. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత బరువు లాగుతోంది అన్నవే దానికి లెక్క. ఐదో గేర్లో నలభై మీద బండిని ఈడ్చుకుంటూ పోయేవాళ్లు చాలా జాగ్రత్తగా తోలుతున్నామనుకుంటారు. కొత్త ఇంజిన్‌కి అంతకన్నా చేటు లేదు.

ఎందుకంటే సిలిండర్ గోడలు ఫ్యాక్టరీ నుంచి నున్నగా రావు. హోనింగ్ చేసి, అంటే రాపిడి రాళ్లతో లోపల రుద్ది, ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి ఏటవాలు గీతలు వదులుతారు. పిస్టన్ చుట్టూ ఉండే లోహపు రింగ్ ఆ గీతల మీద రాసుకుంటూ, ఆకురాయి మీద పెట్టినట్టు అరిగి, గోడకి సరిగ్గా అతుక్కోవాలి. రింగ్‌ని గోడకేసి నొక్కేది దాని సొంత స్ప్రింగ్ బలం ఒక్కటే కాదు. మండిన గ్యాస్ అన్నిటికన్నా పైనున్న రింగ్ వెనక్కి దూరి దాన్ని బయటికి తోస్తుంది. యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితేనే ఆ ఒత్తిడి వస్తుంది. తొక్కకుండా రోజుల తరబడి తేలిగ్గా తిప్పితే గీతల్లో నిలిచిన ఆయిల్ మాడి, పూతలాగా పట్టి, గోడ నునుపెక్కిపోతుంది. దాన్నే గ్లేజింగ్ అంటారు. ఆ తర్వాత రింగ్ కూర్చోదు, గ్యాస్ కిందికి జారుతుంది, బండి ఆయిల్ తాగుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ. అప్పుడు హెడ్ విప్పి మళ్లీ హోనింగ్ కొట్టించాల్సిందే, డబ్బాల్లో దొరికే మందులతో అది నయం కాదు.

రింగులు గోడకి కుదురుకునే ఈ పని ఎక్కువగా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలోనే అయిపోతుంది. అందుకని ఆ దూరాన్ని హైవే మీద పారేసుకోకండి. నెల్లూరు నుంచి పొదలకూరు మీదుగా రాపూరు రోడ్డు పట్టండి. ఒంగోలు వాళ్లకైతే చీమకుర్తి, పొదిలి రోడ్డుంది. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్, బర్రెలు, ఆటోలు, గేర్లు మార్చక తప్పదు, మనకి కావాల్సిందీ అదే. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి బయల్దేరండి. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకి వచ్చాక కూడా ఇంకో ఐదు నిమిషాలు మెల్లగానే పోండి, ఎందుకంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట మూడో గేర్లో నలభై నుంచి డెబ్బై దాకా, యాక్సిలరేటర్ సగం పైన తొక్కి లాగించండి. డెబ్బై రాగానే కాలు పూర్తిగా తీసేయండి, క్లచ్ తొక్కొద్దు, న్యూట్రల్ వద్దు. గేర్లోనే నలభైకి దిగనివ్వండి. అలా దిగేటప్పుడు సిలిండర్లో వాక్యూమ్ పుట్టి కాస్త ఆయిల్ పైకి లాక్కుంటుంది, రింగులు చల్లబడతాయి, అరిగిన పొడి కడిగినట్టు పోతుంది. పది పన్నెండు సార్లు ఇలా చేసి, కాసేపు మామూలుగా తోలి, మళ్లీ చేయండి. చుట్లు 2,000 నుంచి 3,500 మధ్య ఉంటే చాలు, అప్పుడప్పుడూ 4,000 తగిలినా ఏమీ కాదు. యాక్సిలరేటర్ మొత్తం తొక్కడం, నిలబెట్టి రేస్ చేయడం మాత్రం వెయ్యి దాకా వద్దు. డీజిల్ అయితే 1,500 నుంచి 3,000 చాలు.

ఆటోమేటిక్ గేర్లున్న వాళ్లు మాన్యువల్ మోడ్‌లో పెట్టుకోండి. లేకపోతే అది మైలేజీ కోసం పై గేర్లోకి ఎగబాకుతూనే ఉంటుంది.

ఎన్‌హెచ్-16 ఎక్కక తప్పకపోతే క్రూజ్ కంట్రోల్ జోలికి పోవద్దు. ఒకే స్పీడ్‌లో గంటల తరబడి పోవద్దని కార్‌తో ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు, గ్లోవ్ బాక్స్‌లో కవర్ కూడా చించరు. కావలి, టంగుటూరు దాటేదాకా కాసేపు 70, కాసేపు 90, మధ్యలో ఒక గేర్ తగ్గించడం, అలా మారుస్తూ పోండి.

ఇంకో జాడ్యం. గుడి ముందు బండి నిలబెట్టి, పూజ అయ్యేదాకా ఏసీ వేసుకుని పెద్దవాళ్లని లోపల కూర్చోబెడతారు. అరగంట ఐడిల్, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఒక్కటే తిరగడం. రోహిణి కార్తెలో వాళ్ల బాధ వాళ్లది, కాదనను. కానీ కొత్త ఇంజిన్‌ని మూడు నిమిషాలకు మించి ఐడిల్‌లో ఉంచొద్దని రాసే కంపెనీలున్నాయి. నిమ్మకాయలు తొక్కించడానికి ఇంజిన్ నడవాలి, కొబ్బరికాయ కొట్టడానికి అక్కర్లేదు.

ఇక తిరుమల. ముందు మూడు నాలుగు వందల కిలోమీటర్లు పైన చెప్పినట్టు తిప్పి, ఆ తర్వాత పోండి. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి 135 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఐదుగురూ సామానూ ఉంటే రెండో గేరుకి దిగడానికి మొహమాటపడొద్దు. 2,500 నుంచి 3,000 చుట్లలో హాయిగా ఎక్కుతుంది. మూడో గేర్లో గునుస్తూ ఉంటే, లోపల టకటక వినపడితే గేర్ తగ్గించాలని అర్థం. దిగేటప్పుడూ రెండో గేరే. కొత్త బ్రేకులు అప్పుడప్పుడే పట్టు కుదురుతుంటాయి, ప్యాడ్‌లు డిస్క్‌కి సరిగ్గా అతకడానికే మూడొందల కిలోమీటర్లు పడుతుంది. కాలు బ్రేక్ మీదే ఉంచి దిగితే కాలిన వాసనొస్తుంది. టర్బో బండి అయితే పైకి చేరాక ఒక నిమిషం ఇంజిన్ నడవనిచ్చి అప్పుడు ఆపండి.

ఆయిల్ సంగతి. మొదటి ఫ్రీ సర్వీస్ చాలా కంపెనీల్లో వెయ్యి కిలోమీటర్లకో నెలకో ఉంటుంది, అందులో మామూలుగా ఆయిల్ మార్చరు, చూసి పంపిస్తారు. నన్నడిగితే 1,500 దగ్గర సొంత డబ్బులతో ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషర్ మార్పించేయండి. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి మూడు నుంచి మూడున్నర లీటర్లు పడుతుంది. పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని (పలచటి ఆయిల్ గ్రేడ్) ఉంటే అదే పోయించండి, "మన ఎండలకి చిక్కటిది మంచిది" అనే మాట వినొద్దు. ఇంజిన్ ఫ్లష్, కోటింగ్ ట్రీట్‌మెంట్ అని అంటగట్టబోతే వద్దనండి. ఈలోపు ప్రతి ఐదొందల కిలోమీటర్లకీ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడండి: సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి, ఒకసారి తుడిచి మళ్లీ ముంచి. రెండు గీతల మధ్య తేడా చాలా కార్లలో ఇంచుమించు లీటరు. మొదట్లో కాస్త తగ్గడం మామూలే. 2,000 దాటాక కూడా అదే పనిగా తగ్గుతుంటే సర్వీస్ వాళ్లకి చూపించి, జాబ్ కార్డులో రాయించండి.

చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ని 5,000కే విప్పి చూడండి. ఫిల్టర్ అంచు సరిగ్గా కూర్చోకపోతే ఆ దుమ్ము నేరుగా సిలిండర్లోకే.

ఆయిల్ ఎక్కడ మార్పించినా బిల్లు మీద గ్రేడ్, కిలోమీటర్లు రాయించుకోండి. వారంటీ పేచీ వస్తే చూపించడానికి ఆ కాగితం ఉండాలి.