డాక్టర్ నోట్స్ ఓపిగ్గా చదవగలిగితేనే మెడికల్ కోడింగ్

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసింది. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సులో చేరతానంటోంది. మూడు నెలల కోర్సు, ఫీజు 40 వేలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. తనకు ప్రోగ్రామింగ్ రాదు. అయినా బిల్లులు రాసే పనికి డిగ్రీ ఎందుకు? చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ప్రోగ్రామింగ్‌కీ దీనికీ సంబంధం లేదండీ, ఆ బెంగ వదిలేయండి. హైదరాబాద్‌లో ఈ పని ఎక్కువగా అమెరికా ఆసుపత్రుల కోసం జరుగుతుంది. అక్కడి డాక్టర్ పేషెంట్‌ను చూసి రాసిన నోట్స్‌ను చార్ట్ అంటారు. అది చదివి జబ్బుకు ఐసీడీ కోడ్, చేసిన వైద్యానికి సీపీటీ కోడ్ ఇవ్వాలి. ఆ కోడ్‌లను బట్టే ఇన్సూరెన్స్ డబ్బు వస్తుంది.

ఒక చార్ట్ చూడండి. పాత పేషెంట్, 58 ఏళ్లు. టైప్ 2 షుగర్ వల్ల నరాలు దెబ్బతిని పాదాల్లో తిమ్మిర్లు, దాంతోపాటు బీపీ. రెండూ అదుపులోనే ఉన్నాయి, ఎప్పటి నుంచో వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలే కొనసాగించమని డాక్టర్ రాశారు. కొత్తవాళ్లు షుగర్ అని కనిపించగానే ఈ11.9 అనే ఐసీడీ కోడ్ వేసేస్తారు. అది వేరే సమస్యలేవీ తేని షుగర్‌కి. ఇక్కడ నరాల సంగతి డాక్టరే రాశారు కాబట్టి ఈ11.40 వేయాలి. బీపీకి ఐ10, షుగర్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నందుకు జెడ్79.84. రెండు దీర్ఘకాలిక జబ్బులు చూసి మందులు నిర్ణయించారు కాబట్టి విజిట్‌కు సీపీటీ కోడ్ 99214.

ఓపీ చార్ట్‌లో ‘ఛాతీ నొప్పి, గుండెపోటేమో చూడాలి’ అని ఉంటే గుండెపోటు కోడ్ వేయకూడదు. నొప్పికి మాత్రమే వేయాలి. తొందరపడితే రాని గుండెపోటు ఆ మనిషి రికార్డులోకి ఎక్కుతుంది. అందుకే దీన్ని బిల్లులు రాసే పని అనుకోవద్దని నా మనవి. మీ అమ్మాయి చదివిన సైన్స్ అక్షరాలా ఇక్కడ పనికొస్తుంది.

ఇక గ్యారంటీ మాట. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ, ఇన్‌స్టిట్యూట్ కాదు. కంపెనీలు అనాటమీ, మెడికల్ పదాల మీద సొంతంగా టెస్ట్ పెట్టుకుంటాయి. కాబట్టి గ్యారంటీ అన్న మాట చూసి డబ్బు కట్టకండి. డెమో క్లాసులో అమ్మాయిని కూర్చోబెట్టి, ఈ ఏడాది కోడ్ పుస్తకాలతోనే చెబుతున్నారా అని అడగమనండి. ఐసీడీ కోడ్‌లు ఏటా అక్టోబరు 1న, సీపీటీ జనవరి 1న మారతాయి. పాత జిరాక్సులతో పాఠం చెప్పే చోటికి వెళ్లొద్దు.

కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ ఏఏపీసీ పెట్టే సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్ష రాస్తే విలువ ఉంటుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి. కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకునే రాయొచ్చు, కానీ పేజీలు వెతుక్కుంటూ కూర్చుంటే టైమ్ చాలదు. అనుభవం లేకుండా పాసైతే మొదట సర్టిఫికెట్‌లో అప్రెంటిస్ అని ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

పనిలో రోజూ టార్గెట్ ఉంటుంది, తప్పులు పట్టడానికి ఆడిట్ ఉంటుంది. తేలిక చార్టులు ఇప్పుడు సాఫ్ట్‌వేరే కోడ్ చేస్తోంది, చిక్కు చార్టులు చదవగలిగినవాళ్లకే ముందుముందు పని. అందుకే ఫీజు కట్టకముందే ఇంగ్లిష్‌లో ఉన్న నమూనా చార్టులు నాలుగు ఆమెకిచ్చి, ఒక్కోదాంట్లో డాక్టర్ ఏం తేల్చారో, ఏం అనుమానించారో విడివిడిగా రాయమనండి. రెండో చార్ట్‌కే విసుగొస్తే ఆ 40 వేలు ఆపండి. నాలుగూ పూర్తి చేస్తే చేర్పించండి, ఫీజు మాత్రం వాయిదాల్లో కట్టండి.