ఈమాక్స్‌లో ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ కనెక్షన్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈమాక్స్ ఎడిటర్ నుంచి వేరే ప్రోగ్రాములను నడపడం, సర్వర్లతో మాట్లాడడం గురించి వచ్చిన నాలుగు ప్రశ్నలను ఈసారి తీసుకున్నాము. మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. మిగిలిన మూడింటికీ అదే పునాది కాబట్టి దానిని ముందు చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: నా వ్యాసాలలో అక్షరదోషాలను పట్టే ఒక పైథాన్ ప్రోగ్రామును ఈమాక్స్ నుంచే నడిపేలా చిన్న కమాండు రాసుకున్నాను. కాల్-ప్రాసెస్‌తో నడిపినప్పుడు పెద్ద వ్యాసానికి పది సెకన్లకు పైగా ఎడిటర్ బిగుసుకుపోయేది. మేక్-ప్రాసెస్‌కు మార్చాక ఆ బాధ తప్పింది గానీ, దాని కింది వరుసలోనే ఫలితాల బఫరును (ఈమాక్స్ పాఠాన్ని ఉంచే చోటును) చదివితే ఖాళీగా ఉంటోంది. స్లీప్-ఫర్‌తో రెండు సెకన్లు ఆపి చూస్తే ఒక్కోసారి సగం ఫలితాలే కనిపిస్తున్నాయి. నేను ఎక్కడ పొరబడ్డాను?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ ప్రోగ్రాములో తప్పు లేదమ్మా. ఫలితం ఎప్పుడు వస్తుందన్న అంచనాలోనే పొరపాటు ఉంది. కాల్-ప్రాసెస్ బయటి ప్రోగ్రాము ముగిసేదాకా మీ కోడును ముందుకు కదలనివ్వదు, అందువల్ల దాని కింది వరుసకు వచ్చేసరికి ఫలితమంతా సిద్ధంగా ఉంటుంది. మేక్-ప్రాసెస్ అలా కాదు. ప్రోగ్రామును మొదలుపెట్టి, నడుస్తున్న ఆ ప్రోగ్రాముకు, అంటే ప్రాసెస్‌కు, గుర్తుగా ఒక వస్తువును మీ చేతికిచ్చి వెంటనే తిరిగి వచ్చేస్తుంది. వడ్లు మరకు పంపి, మోసుకెళ్ళిన మనిషి వీధి మలుపు తిరగకముందే ఇంట్లో బియ్యం గంప చూసుకుంటే అది ఖాళీగానే ఉంటుంది.

ఇక్కడ తెలుసుకోవలసిన మరొక సంగతి ఉంది. ఈమాక్స్‌లో కమాండులు రాసే భాష అయిన లిస్ప్ కోడు ఒక్క దారినే నడుస్తుంది. 2018లో వచ్చిన 26వ వెర్షన్‌లో థ్రెడ్లు, అంటే విడివిడిగా సాగే దారులు, చేరినా, ఏ క్షణంలోనైనా వాటిలో ఒకటే నడుస్తుంది. మీ కమాండు నడుస్తున్నంతసేపూ బయటి ప్రోగ్రాము రాసినదంతా పైపులో, అంటే రెండు ప్రోగ్రాముల మధ్య డేటా నడిచే దారిలో, నిలిచి ఉంటుంది. ఈమాక్స్ ఊరక ఉన్నప్పుడు, అంటే మీరు మీట నొక్కడం కోసం చూస్తున్నప్పుడో, స్లీప్-ఫర్, సిట్-ఫర్, యాక్సెప్ట్-ప్రాసెస్-అవుట్‌పుట్ వంటివాటిలో ఆగినప్పుడో మాత్రమే దానిని తీసుకుని, ఫిల్టర్ అనే ఫంక్షనుకు అందిస్తుంది. మీరు రెండు సెకన్లు ఆగినప్పుడు సగం ఫలితాలు కనిపించడానికి కారణం ఇదే: ఆ వ్యవధిలో వచ్చినంత వచ్చింది, మిగిలినది ఇంకా దారిలో ఉంది. ఆ రెండును ఐదు చేసినా మీ కంప్యూటరులో కుదురుతుందేమో గానీ, మీ స్నేహితురాలి పాత కంప్యూటరులో కుదరదు. అందుకే నిద్రపుచ్చడాన్ని పరిష్కారంగా ఎన్నడూ తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఫిల్టరుకు అందే పాఠం ముక్కలుగా వస్తుంది, ఆ ముక్కలకూ మీ వరుసలకూ ఏ సంబంధమూ ఉండదు. ఒక్కసారికి ఎన్ని బైట్లు చదవాలన్నది రీడ్-ప్రాసెస్-అవుట్‌పుట్-మ్యాక్స్ అనే విలువ నిర్ణయిస్తుంది. 2020లో వచ్చిన 27వ వెర్షన్‌లో అది 4096గా మొదలై, 2025లో వచ్చిన 30వ వెర్షన్‌లో 65536 అయింది. దానిని పెంచితే వేగం పెరుగుతుంది, ముక్కలు కావడం మాత్రం ఆగదు. కాబట్టి ఫిల్టరును ఇలా రాయండి: కొత్తగా వచ్చిన ముక్కను ఇంతకుముందు మిగిలిన తోకకు అతికించి, అందులో పూర్తయిన వరుసలను మాత్రమే వాడుకుని, చివర వరుస ముగింపు లేకుండా మిగిలినదాన్ని ప్రాసెస్-పుట్‌తో ఆ ప్రాసెస్ దగ్గరే దాచి, తరువాతి ముక్క రాగానే ప్రాసెస్-గెట్‌తో బయటికి తీయాలి. తోకను అన్ని ప్రాసెస్‌లకూ ఉమ్మడిగా ఉండే గ్లోబల్ వేరియబుల్‌లో దాచవద్దు. రెండు వ్యాసాలను ఒకేసారి తనిఖీ చేసిన రోజున ఒకదాని తోక మరొకదానికి అతుక్కుంటుంది.

మీకు వరుస వరుసా వెంటనే అక్కరలేకపోతే ఫిల్టరును మీరు రాయనవసరమే లేదు. ఈమాక్స్ సొంత ఫిల్టర్ వచ్చినదంతా బఫరులో చేరుస్తుంది. పని ముగిసిందన్న కబురు సెంటినెల్ అనే ఫంక్షనుకు అందుతుంది. ఫలితాలను చదివే మీ కోడును కింది వరుస నుంచి తీసి ఆ సెంటినెల్‌లో పెట్టండి. మీ అవసరానికి ఇదే తగిన మార్గమని నా అభిప్రాయం. సెంటినెల్‌కు వచ్చే వాక్యాన్ని పోల్చి చూడడం కంటే, ప్రాసెస్-స్టేటస్ ‘ఎగ్జిట్’ అని చెబుతోందా, ప్రాసెస్-ఎగ్జిట్-స్టేటస్ సున్నాయేనా అని చూడడం మేలు. బఫరును తాకేముందు అది ఇంకా బతికి ఉందో లేదో కూడా బఫర్-లైవ్-పి తో అడగండి, ఎందుకంటే ఫలితం వచ్చేలోగా మీరే దానిని మూసివేసి ఉండవచ్చు. మీ సెంటినెల్‌ను మీరు పెట్టగానే మరొక చిక్కు కూడా తొలగిపోతుంది: ఏదీ పెట్టకపోతే ఈమాక్స్ సొంత సెంటినెల్ ‘ప్రాసెస్ ముగిసింది’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల వాక్యాన్ని బఫరు చివర రాస్తుంది, దానిని మీ కోడు అక్షరదోషంగా లెక్కించే ప్రమాదం ఉంది. ప్రోగ్రాము తన సొంత తప్పుల గురించి ఇచ్చే సందేశాలను ఎస్‌టీడీఎర్ర్ అనే ఆప్షను ద్వారా వేరే బఫరుకు మళ్ళించినట్లయితే, ఆ పైపు కూడా ఒక ప్రాసెస్‌గానే లెక్కకు వస్తుంది, దానికి వేరే సెంటినెల్ ఉంటుంది. అసలు ప్రాసెస్ ముగిసిన క్షణానికి ఆ పైపులోని పాఠం ఇంకా మిగిలి ఉండవచ్చు.

ప్రశ్న: నా ప్రోగ్రాము టెర్మినల్‌లో వరుస వెంట వరుస చూపిస్తుంది. ఈమాక్స్‌లో పైపు పెట్టి నడిపితే చివరిదాకా ఏమీ రాదు, చివర అంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. ఇది ఈమాక్స్ లోపమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈమాక్స్ లోపం కాదండీ. తన ఎదుట టెర్మినల్ ఉందని గ్రహించిన ప్రోగ్రాము ప్రతి వరుసనూ వెంటనే పంపుతుంది, పైపు ఉందని గ్రహిస్తే కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. ప్రోగ్రాము పైథాన్‌దైతే మైనస్ యు అనే ఆప్షనుతో నడపండి, లేదా ప్రింట్ చేసేటప్పుడు ఫ్లష్ చేయండి, అంటే పోగైనదాన్ని వెంటనే పంపించేయండి. మీరు మార్చలేని ప్రోగ్రామైతే మేక్-ప్రాసెస్‌లో కనెక్షన్-టైప్‌ను పీటీవైగా, అంటే ఉత్తుత్తి టెర్మినల్‌గా, ఇస్తే, దానికి టెర్మినల్ ఉన్నట్లే అనిపిస్తుంది. అయితే పీటీవైతో వేరే ఇబ్బందులు ఉన్నాయి: రంగుల సంకేతాలు పాఠంలో కలిసి రావచ్చు, మీరు పంపే వరుస పొడవుకు లినక్స్‌లో 4096 బైట్ల హద్దు ఉంది, విండోస్‌లోనైతే ఈమాక్స్‌కు పీటీవై సదుపాయమే లేదు. మనిషితో మాట్లాడినట్లు నడిచే షెల్ (మనం టైపు చేసే కమాండులను నడిపే ప్రోగ్రాము) వంటివాటికి పీటీవైని, డేటా ఇచ్చిపుచ్చుకునే ప్రోగ్రాములకు పైపును వాడడం నా పద్ధతి.

ప్రశ్న: తెలుగు పదాలకు అర్థాలు ఇచ్చే ఒక చిన్న సర్వర్ రాసి, ఈమాక్స్ నుంచి దానికి కనెక్ట్ అవుతున్నాను. సర్వర్ ప్రతి జవాబుకూ ముందు దాని పొడవును పంపుతుంది. ఆంగ్ల పదాలకు అంతా సరిగ్గా నడుస్తుంది. తెలుగు పదానికి మాత్రం, జవాబు ఇంకా పూర్తి కాలేదనుకుని ఈమాక్స్ అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది. కోడింగ్‌ను (బైట్లను అక్షరాలుగా మార్చే పద్ధతిని) బైనరీకి, అంటే బైట్లను ఉన్నవి ఉన్నట్లే ఉంచేదానికి, మార్చితే \340\260\205 వంటి అంకెలు కనిపిస్తున్నాయి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఈ ప్రశ్న నాకు చాలా దగ్గరిది, ఇదే తప్పుతో నేనొక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మీరు చూసిన ఆ మూడు అంకెలూ కలిపితే ‘అ’ అనే ఒక్క అక్షరం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘అమ్మ’ అన్న మాటనే తీసుకోండి: మన కంటికి రెండు అక్షరాలు, యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతాలు, బైట్లలో పన్నెండు. మీ సర్వర్ ‘పన్నెండు’ అని చెబుతోంది. ఈమాక్స్ వచ్చిన బైట్లను ముందే అక్షరాలుగా మార్చేసింది కాబట్టి, లెంగ్త్ అనే ఫంక్షను ‘నాలుగు’ అంటోంది, మీ ఫిల్టర్ మిగిలిన ఎనిమిదింటి కోసం ఎదురుచూస్తోంది. ఆంగ్ల అక్షరానికి ఒకటే బైటు కావడం వల్ల ఈ తేడా అక్కడ బయటపడలేదు.

బైనరీకి మార్చడం సరైన అడుగే, మీరు దాని తరువాతి అడుగు వేయలేదు. కనెక్షన్ కోడింగ్‌ను బైనరీగానే ఉంచి, ఫిల్టరులో బైట్లను పోగుచేసి, చెప్పిన పొడవు పూర్తికాగానే అంతమేరకు కత్తిరించి, ఆ ముక్కను డికోడ్-కోడింగ్-స్ట్రింగ్‌తో యూటీఎఫ్-8 నుంచి పాఠంగా మార్చుకోండి. ముక్క పూర్తికాకముందే మార్చితే, మూడు బైట్ల అక్షరం రెండుగా తెగి పాడవుతుంది. మీరు పంపేటప్పుడు కూడా ఇదే క్రమం: ముందు ఎన్‌కోడ్-కోడింగ్-స్ట్రింగ్‌తో బైట్లుగా మార్చి, ఆ తరువాతే పొడవు లెక్కించాలి. ప్రోగ్రామింగ్ భాషలకు సాయపడే లాంగ్వేజ్ సర్వర్లు కూడా కంటెంట్-లెంగ్త్ అనే తలవరుసలో బైట్ల లెక్కనే పంపుతాయి కాబట్టి ఈ అలవాటు మీకు అక్కడా ఉపయోగపడుతుంది. మరొక హెచ్చరిక: డేటాను పాఠంగా మార్చే పైథాన్‌లోని జేసన్ మాడ్యూల్, మీరు వద్దనకపోతే, తెలుగు అక్షరాలను ఆంగ్ల అక్షరాల, అంకెల సంకేతాలుగా మార్చి పంపుతుంది, దానివల్ల ఈ తప్పు కొన్నాళ్ళు దాగి ఉంటుంది. తెలుగువారు రాసే ప్రతి సర్వర్‌కూ మొదటి పరీక్ష ఒత్తులున్న తెలుగు వాక్యంతోనే జరగాలని నా కోరిక.

మీరు అడగకపోయినా ఒక మాట. మేక్-నెట్‌వర్క్-ప్రాసెస్‌కు నోవెయిట్ అన్న ఆప్షను ఇవ్వండి. అది లేకపోతే సర్వర్ పలకని రోజున కనెక్షన్ కుదిరేదాకా ఎడిటర్ ఆగిపోతుంది. అది ఉంటే, కుదిరినా విఫలమైనా ఆ సంగతి సెంటినెల్‌కు చేరుతుంది. కుదిరిందన్న కబురు వచ్చాకే మొదటి ప్రశ్నను పంపండి.

ప్రశ్న: ఈమాక్స్ మూసేటప్పుడు ఇంకా ప్రాసెస్‌లు నడుస్తున్నాయని ప్రతిసారీ అడుగుతోంది. అవును అని చెప్పి మూసినా, నేను షెల్ ద్వారా మొదలుపెట్టిన ప్రోగ్రాము వెనుక నడుస్తూనే ఉంటోంది.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: నష్టం లేని ప్రాసెస్‌లకు మేక్-ప్రాసెస్‌లో నోక్వెరీ అన్న ఆప్షను ఇస్తే ఆ ప్రశ్న రాదండీ. రాసుకున్నది పోయే అవకాశం ఉన్నవాటికి మాత్రం దానిని అలాగే ఉంచండి. ఇక రెండవ సంగతి: మీరు షెల్‌ను నడిపితే, ఆ షెల్ మీ ప్రోగ్రామును నడుపుతోంది. ఈమాక్స్‌కు తెలిసినది షెల్ మాత్రమే, పోయేది కూడా అదే కావచ్చు. కమాండుకు ముందు ఎగ్జెక్ అని చేర్చండి, అప్పుడు షెల్ స్థానంలోకి మీ ప్రోగ్రామే వస్తుంది. షెల్ సదుపాయాలేవీ అక్కరలేకపోతే షెల్‌ను పూర్తిగా మానేసి, ప్రోగ్రాము పేరునూ దాని ఆప్షన్లనూ విడివిడిగా జాబితాలో ఇవ్వడం ఇంకా మంచిది. ఫైలు పేరులో ఖాళీ ఉన్నప్పుడు వచ్చే తంటా కూడా తప్పుతుంది. మధ్యలో ఆపవలసి వస్తే ముందు ఇంటరప్ట్-ప్రాసెస్ వాడండి, ప్రోగ్రాముకు తన ఫైళ్ళను సర్దుకునే వీలుంటుంది. డిలీట్-ప్రాసెస్ ఆ వీలు ఇవ్వకుండా ఒక్కసారిగా చంపేస్తుంది. ఏమేమి నడుస్తున్నాయో చూడడానికి లిస్ట్-ప్రాసెసెస్ అనే కమాండు ఉంది. మూసే ముందు ఒకసారి అది తెరిస్తే మీ షెల్‌లూ, కనెక్షన్లూ అన్నీ ఒకే పట్టికలో కనిపిస్తాయి.