నిఘా రాజ్యం నమ్మేలా ఉండాలంటే

ప్రశ్న: నేను రాస్తున్న డిస్టోపియా (భయంకరమైన ఊహాసమాజం) నవలలో ప్రభుత్వం ప్రతి ఇంటిపైనా నిఘా పెడుతుంది, ఎదిరించినవాళ్లను చంపేస్తుంది. అయినా చదివినవాళ్లకు భయం కలగడం లేదండీ. లోపం ఎక్కడుంది?

జవాబు: మీ ప్రభుత్వానికి అన్నీ కనిపిస్తున్నాయి, అదే చిక్కు. అందరినీ అన్నివేళలా చూడాలంటే చూసేవాళ్లే కోట్లలో కావాలి. 1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ నవల '1984' ఈ లెక్కను సరిగ్గా పట్టుకుంది. ఇంట్లోని టెలిస్క్రీన్ (బొమ్మలు చూపిస్తూనే ఇంట్లోవాళ్లనూ గమనించే తెర) వెలుగు తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆపలేరు. ఏ క్షణంలో తమను చూస్తున్నారో ఎవరికీ తెలియదు. దాంతో మనిషి తనకు తానే కాపలా కాసుకుంటాడు. లోపలి పార్టీ (పాలించే పార్టీలోని పై వర్గం) పెద్దలు మాత్రం దాన్ని ఆపేసుకోగలరు! అధికార దుర్వినియోగం అక్కడ కళ్లకు కడుతుంది. మీ కథలోనూ ఏ నియమం ఎవరికి వర్తించదో చూపించండి.

చంపడానికి చాలా ముందు జరిగేవి రాయండి. మార్గరెట్ ఆట్‌వుడ్ 1985 నవల 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్'లో ఆడవాళ్ల ఉద్యోగాలు, బ్యాంకు ఖాతాలు ఉన్నట్టుండి పోతాయి. గుండె జారేది అక్కడే. రేషన్, ప్రయాణ అనుమతి, పిల్లల బడి సీటు ఎవరి సంతకం మీద ఆధారపడతాయో ముందు తేల్చుకోండి. ఆ సంతకం పెట్టే ఉద్యోగి దుర్మార్గుడు కానక్కర్లేదు, పైవాళ్లకు నెలాఖరు లెక్క చూపాల్సినవాడైతే చాలు.

నియంత చేత పేజీలకొద్దీ ఉపన్యాసాలు చెప్పించకండి. కారణం రాయకుండా తిప్పి పంపిన దరఖాస్తు ఒక్కటి అంతకన్నా ఎక్కువ భయపెడుతుంది.