బోటనీ చదివిన అమ్మాయి అడవికి వెళ్తానంటే...

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి ఏడాది చదువుతోంది. ఎమ్మెస్సీ చేసి అడవుల మార్పులను గమనించే పరిశోధన బృందంలో చేరతానంటోంది. ఆడపిల్ల అడవుల్లో ఎలా తిరుగుతుంది? దానికి బదులు లక్షన్నర కట్టి ఆరు నెలల డ్రోన్, ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?
– ఓ తండ్రి, నంద్యాల

జవాబు: మీరు పోలిక అడిగారు కానీ, మీ అసలు బెంగ అమ్మాయి క్షేమం గురించి. ముందు అది చెబుతాను. ఈ పనిలో ఎవరినీ ఒంటరిగా అడవిలోకి పంపరు. అభయారణ్యంలో పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పనిసరి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో చెప్పి, బీట్ సిబ్బందితోనో దారి తెలిసిన స్థానికులతోనో వెళ్తారు. మీ నల్లమలలోనైతే చెంచులే తోడు, చెట్ల పేర్లు నేర్పే గురువులూ వాళ్లే. చీకటి పడకముందే క్యాంపుకు చేరతారు. ఈ పనిలో అమ్మాయిలు చాలామందే ఉన్నారు. మూడేళ్లు బోటనీ చదివించి, ఇప్పుడు చెట్ల దగ్గరికి వెళ్లొద్దంటే ఎలాగండీ?

పని ఎలా ఉంటుందో చూడండి. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) బృందం 1988-89లో చెట్లను మళ్లీ మళ్లీ కొలిచేందుకు 50 హెక్టార్ల ప్లాట్ వేసింది. సెంటీమీటరు లావున్న కాండం నుంచి ప్రతిదానికీ నంబరు ఉంటుంది. పనామాలోని బారో కొలరాడో దీవిలోనూ ఇదే పద్ధతి కాబట్టి రెండు అడవుల లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 1.3 మీటర్ల ఎత్తులో రంగుతో గీత గీసి, ప్రతిసారీ అక్కడే టేపు చుట్టాలి. టేపు కింద తీగ ఇరుక్కుని చుట్టుకొలత ఒక్క సెంటీమీటరు ఎక్కువొచ్చినా, వ్యాసం మూడు మిల్లీమీటర్లు పెరిగినట్టు లెక్క తేలుతుంది. ఆకురాల్చే అడవిలో చాలా చెట్లు ఏడాదంతా పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే! ఎండలకు కాండం కాస్త కుంచించుకుపోతుంది కూడా. అందుకే మళ్లీ కొలిచేటప్పుడు అదే కాలంలో కొలవాలి.

ఇక డ్రోన్ కోర్సు. దాని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. వేసవి ముందు టేకు ఆకు రాలిస్తే, పైనుంచి తీసిన చిత్రాలు చూసే సాఫ్ట్‌వేర్ అడవి పోయిందంటుంది. లాంటానా అనే కలుపు పొదలు కమ్మేసిన చోటును పచ్చటి అడవి అంటుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు. చెట్ల నీడలో ఫోన్ జీపీఎస్ ఆ మాత్రం తప్పితే, కొలిచిన చెట్టు పక్క గడిలో పడుతుంది. ఈ తప్పులు పట్టాలంటే ఆ నేల మీద తిరిగి ఉండాలి. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహపు రాడార్ లెక్కల్నీ నేల మీది కొలతలతోనే సరిచూడాలి. మీరు చూసిన సంస్థను ఒక్కటడగండి: గత బ్యాచ్‌లో ఎంతమందికి అడవుల పని దొరికింది? జవాబు కాగితం మీద ఇమ్మనండి. ఉపగ్రహ చిత్రాలతో నేలను చదివే రిమోట్ సెన్సింగ్ అంటారా, డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే నేర్పుతోంది. మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. ఎమ్మెస్సీతో పాటే నేర్చుకోవచ్చు.

జీతం సంగతి దాచను. ప్రాజెక్టు ఉద్యోగాలన్నీ కాంట్రాక్టువే, ఒకటి ముగిసి ఇంకొకటి దొరికే లోపు ఖాళీ నెలలుంటాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం.

బృందంలో చేరేముందు మాత్రం అమ్మాయిని మూడు విషయాలు ఈమెయిల్‌లో అడగమనండి: ప్రమాద బీమా ఉందా, డేటా ఎవరిది, పేపర్‌లో తన పేరు ఉంటుందా. నోటిమాట మీద ఒప్పుకోవద్దు.