పాత కారుకి పికప్ తగ్గితే ముందు ఏం చూడాలి?

మీ పాత పెట్రోల్ కారు, భాకరాపేట ఘాట్‌లో యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగడం లేదన్నారు. ముందు ఇంజిన్ శబ్దం వినండి. అది గట్టిగా అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. కాలిన వాసన కూడా వస్తే దాదాపు ఖాయం. అది బాగయ్యేదాకా దయచేసి తిరుమల కొండ ఎక్కించకండి.

ఇంజినే మూలుగుతూ ఎత్తుకోకపోతే గాలి, పెట్రోలు, స్పార్క్‌లో ఏదో తేడా. ఎయిర్ ఫిల్టర్ విప్పి వెలుతురుకి పట్టి చూడండి, మన దుమ్ముకి త్వరగా మూసుకుపోతుంది. తర్వాత స్పార్క్ ప్లగ్గులు: కొన పొడి మసితో నల్లబడితే పెట్రోలు ఎక్కువవుతోంది. మరీ తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదేమో, ఫ్యూయల్ ఫిల్టర్ చూపించండి.

అన్నీ బాగున్నాయా? కాసేపు నడిపి, చక్రాలకు తగలకుండా చెయ్యి దగ్గర పెట్టండి. ఒక్క చక్రం మాత్రమే సెగ కొడుతుంటే దాని బ్రేక్ పట్టేసి ఉండొచ్చు.